రాత్రంతా సాగిన కథ, పొద్దున్న మిగిలే పని: సరిహద్దు స్టూడియోల్లో ఏఐ ఏజెంట్లు

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి పక్క పల్లెలో, జముకు వాద్యంతో కథ పాడే జముకుల కథ బృందం ఒకటి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి తెల్లవారుజామున మూడింటికి కథ ముగించిందనుకుందాం. కథకుడికి ఒక మైకు, వెనక పాట అందుకునే వంతలిద్దరికీ చెరొకటి, జముకుకి ఒకటి, జనం సందడి పట్టుకోవడానికి రెండు. మొత్తం ఆరు మైకులు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే ఒక్కో మైకు నిమిషానికి 8.64 మెగాబైట్లు నింపుతుంది. ఆరు మైకులు, ఆరు గంటలు కలిపితే 18 గిగాబైట్లు దాటుతుంది.

వినడానికి ఆరు గంటలు చాలు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఘట్టాలుగా విడదీయాలి. మైకు తట్టుకున్న చప్పుళ్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టాలి. ఒక్కో పాటనూ విడి ఫైలుగా తీయాలి. ప్రతి ఫైలుకీ తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఒక పేరు రాయాలి. ఒక మనిషి కూర్చుని చేస్తే ఇది రోజుల పని. పెళ్లి పాటలు, భజనలు, ఊరేగింపు పాటలతో బతుకు నెట్టుకొచ్చే చిన్న స్టూడియోకి అన్ని రోజులు ఎక్కడివి? అందుకే ఇలాంటి రికార్డింగులు పేరూ ఊరూ లేకుండా హార్డ్ డిస్కులో పడి ఉంటాయి. డిస్కు పాడైన రోజున అవీ పోతాయి.

సంగీతంలో ఏఐ అనగానే చాలామందికి తట్టేది నాలుగు మాటలు టైపు చేస్తే పాట పుట్టించే సేవలు. ఇక్కడ మాట్లాడుకునేది దానికి పూర్తిగా వేరైన సంగతి. పాట మనుషులే పాడతారు, వాద్యం మనుషులే వాయిస్తారు. ఆ తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరిగే గుమస్తా పనిని మాత్రం, చాట్‌బాట్ల వెనక ఉండే భాషా నమూనాతో నడిచే ఏజెంటు, స్క్రిప్టుల (సాఫ్ట్‌వేర్‌కి ఆదేశాలు రాసిన చిన్న ప్రోగ్రాముల) ద్వారా చేసిపెడుతుంది. ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ల సంగీతానికి ఏఐ వల్ల ఒరిగే మేలు ఏదైనా ఉంటే అది ఈ వైపు నుంచే వస్తుంది. అయితే అందుకు ఒక పద్ధతి పాటించాలి. పనంతా ఏజెంటు చేతిలో పెట్టేయకూడదు. దానిచేత స్క్రిప్టు రాయించుకుని, ఆ స్క్రిప్టుని మన చేతిలో ఉంచుకోవాలి. ఈ రెండింటికీ తేడా పైకి చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ వ్యవహారమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

అంకెలు పెట్టిన పనులు

స్క్రిప్టులతో నడిపించడానికి బాగా అనువైన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో రీపర్ ఒకటి. కాకోస్ అనే చిన్న సంస్థ దీన్ని తయారుచేస్తోంది. దీని వెనక ఉన్న జస్టిన్ ఫ్రాంకెల్, 1997లో విన్‌యాంప్ రాసిన మనిషే. కంప్యూటర్లో పాటలు వినడం అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజుల్లో విన్‌యాంప్ తెలియని ఇంటర్నెట్ సెంటర్ ఉండేది కాదు. రీపర్ 1.0 వచ్చింది 2006లో. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చు, సంపాదన తక్కువ ఉన్నవాళ్లకు లైసెన్సు 60 డాలర్లు. చిన్న ఊళ్లలో ఇది పెద్ద విషయం.

రీపర్ ఆదేశాల పట్టికలో ఉన్న ప్రతి పనికీ ఒక అంకె ఉంటుంది. 40001 అంటే కొత్త ట్రాకు (ఒక్కో మైకు శబ్దం నిలిచే వరస) చేర్చు. 40044 అంటే ప్లే చెయ్యి లేదా ఆపు. 1013 రికార్డింగ్. 40029 అంటే చేసిన పని వెనక్కి తీసుకో. 40012 అంటే కర్సర్ ఉన్నచోట క్లిప్పును రెండుగా కొయ్యి. ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. వీటిని వరసగా పేర్చి ఒకే మీటకి కట్టుకోవచ్చు. అంతకు మించి కావాలంటే రీస్క్రిప్ట్ ఉంది. లువా, పైథాన్, ఈఈఎల్ అనే మూడు భాషల్లో దేంతోనైనా ప్రాజెక్టులోని ట్రాకులను, క్లిప్పులను, గుర్తులను చదవొచ్చు, మార్చవచ్చు.

ఈ దారి ఒక్క రీపర్‌కే పరిమితం కాదు. ఆర్డర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో లువా స్క్రిప్టులున్నాయి. ఉచితంగా దొరికే ఆడాసిటీకి బయటినుంచి పైథాన్‌తో ఆదేశాలు పంపే పైపు ఉంది. ఏబుల్టన్ లైవ్‌ని మ్యాక్స్ ఫర్ లైవ్ ద్వారా నడపవచ్చు. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సంగీత ఆదేశాలు పంపే ఓపెన్ సౌండ్ కంట్రోల్ అనే పద్ధతిని బర్కిలీలో 1997లోనే రూపొందించారు. అంటే తలుపులు ఎప్పటినుంచో తెరిచే ఉన్నాయి. వాటిలోంచి లోపలికి వెళ్లాలంటే ప్రోగ్రామింగ్ రావాలి, అదొక్కటే అడ్డం. భాషా నమూనాలు ఆ అడ్డాన్ని తీసేశాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేశాక, నమూనాకీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య వంతెన కట్టడం ఇంకా తేలికైంది. పని జరిగే తీరు ఇది: మనిషి మామూలు మాటల్లో అడుగుతాడు, నమూనా ఏ ఆదేశం కావాలో ఎంచుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని అమలు చేసి ఫలితాన్ని అక్షరాలుగా, అంకెలుగా తిప్పి పంపుతుంది, దాన్ని చూసి నమూనా తర్వాతి అడుగు వేస్తుంది.

తెర ఫొటోలు చూస్తూ, మనిషిలాగే మౌస్ కదుపుతూ పనిచేసే ఏజెంట్లు కూడా ఉన్నాయి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో వాటిని నమ్ముకోవడం కష్టం. ప్రతి ప్లగిన్‌కీ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాముకి) దాని సొంత బొమ్మ, సొంత గుండీలు. తెర సైజు మారితే అన్నీ అటూ ఇటూ జరుగుతాయి. ఒక ఫేడర్‌ని మౌస్‌తో అర డెసిబెల్ కిందికి లాగడం మనిషికే చేయి నిలవని పని. స్క్రిప్టుకి బొమ్మతో నిమిత్తం లేదు.

ఇక్కడ ఒక విషయం గుర్తు చేసుకోవడం న్యాయం. తెర చూడలేని సంగీత కళాకారుల కోసం రీపర్‌కి ఒసారా అనే ఉచిత అనుబంధం ఉంది. మౌస్ అక్కర్లేకుండా, తెర వంక చూడకుండా, మీటలతో పని చేసి ఫలితాన్ని మాటల్లో వినే ఏర్పాటు అది. ఈ రోజు ఏజెంట్లకు కావలసింది కూడా సరిగ్గా అదే: ప్రతి పనికీ ఒక పేరు ఉండాలి, ఫలితం మాటల్లో తెలియాలి. చూపులేని కళాకారులకు అందుబాటుగా ఉండే సాఫ్ట్‌వేరే ఏజెంట్లకు కూడా అందుబాటుగా ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఈ ఒక్క గుణం చూసుకున్నా చాలు.

అడిగి చేయించుకోవడం, రాయించుకుని దాచుకోవడం

జముకుల కథ రికార్డింగునే తీసుకుందాం. ఏజెంటుకి నేరుగా అప్పగిస్తే అది ఒక్కో అడుగూ ఆలోచించుకుంటూ వందలసార్లు ఇంటర్నెట్ మీద అటూ ఇటూ తిరుగుతుంది. నూటయాభయ్యో అడుగు దగ్గర కరెంటు పోయినా, నెట్ ఆగినా ప్రాజెక్టు సగం కోసినట్టు మిగులుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఏజెంటుకే తెలియదు. మర్నాడు అదే మాట మళ్లీ చెప్తే అదే దారిలో వెళ్తుందన్న భరోసా కూడా లేదు. భాషా నమూనా ఒకే ప్రశ్నకి రెండుసార్లు రెండు రకాలుగా జవాబివ్వడం మామూలే.

అలాకాకుండా "ఘట్టం మారినచోట నేను పెట్టిన ప్రతి గుర్తు దగ్గరా ఆరు ట్రాకుల్నీ ఒకేచోట కోసి, గుర్తు పేరే ముక్కకి పెట్టి, విడి ఫైళ్లుగా తీసే లువా స్క్రిప్టు రాయి" అని అడిగితే ఏజెంటు పని అక్కడితో అయిపోతుంది. చేతికి వచ్చేది ఓ యాభై లైన్ల అక్షరాలు. చదవొచ్చు, ప్రోగ్రామింగ్ తెలిసిన మేనల్లుడికి చూపించవచ్చు, రెండు నిమిషాల ముక్క మీద ముందు నడిపి చూడొచ్చు. ఆ పైన ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలవారీ చందా అక్కర్లేదు. వచ్చే ఏడాది ఇంకో బృందం వచ్చినా అదే స్క్రిప్టు అదే పని చేస్తుంది. గుణుపురం వైపు స్టూడియోకి పెన్‌డ్రైవులో ఇచ్చి పంపవచ్చు.

స్క్రిప్టు చేతికొచ్చాక ఎక్కడ తప్పు పట్టుకోవాలో తెలియాలి. తప్పులు ఎక్కువగా మూడు చోట్ల దొర్లుతాయి.

మొదటిది, అంకె పొరపాటు. నమూనాకి ఆదేశాల అంకెలు జ్ఞాపకం మీదే వస్తాయి. కాబట్టి లేని అంకెను కూడా నమ్మకంగా రాసేయగలదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఉన్న అంకెనే వేరే పని కోసం రాసేయడం. రీపర్ ఆదేశాల పట్టికలో ఆ అంకె పక్కన ఏ పేరుందో చూస్తే ఇది బయటపడుతుంది. అంకె ఇస్తే పేరు చెప్పే ఫంక్షన్ కూడా రీస్క్రిప్ట్‌లో ఉంది. ప్రతి అంకెకీ ముందు దాని పేరు అచ్చువేసి చూపించమని స్క్రిప్టులోనే రాయించుకోవడం మంచిది.

రెండోది అంకె సరైనదే అయినా జరిగే తప్పు. 40012 పూర్తి పేరు చూస్తే "ఎడిట్ లేదా ప్లే కర్సర్ దగ్గర కోయి" అని ఉంటుంది. పాట ఆగి ఉంటే కోత ఒకచోట పడుతుంది, మోగుతూ ఉంటే ఇంకోచోట పడుతుంది. ఇలాంటి ఆదేశాల్లో చాలా వాటికి "ఎంచుకున్న క్లిప్పుల మీద" అన్న మాట వెనకాల దాగి ఉంటుంది. ఆ క్షణాన తెర మీద ఏది ఎంచి ఉందో దాని మీదే వేటు పడుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి ఇది కంటికి కనిపిస్తుంది. స్క్రిప్టుకి కనిపించదు. దీనికి విరుగుడు, అంకెల ఆదేశాలు తగ్గించి, "ఫలానా క్లిప్పుని ఫలానా సెకను దగ్గర కోయి" అని క్లిప్పునీ స్థానాన్నీ నేరుగా చెప్పే ఫంక్షన్లు వాడమనడం. స్ప్లిట్ మీడియా ఐటమ్ అనే ఫంక్షన్ అలాంటిదే. ఏజెంటుని అడిగేటప్పుడు ఈ ఒక్క మాట చేర్చితే సగం గొడవలు పుట్టనే పుట్టవు.

మూడోది కొలతల తప్పు, చెవులకి దెబ్బ తగిలేది దీనివల్లే. స్టూడియోలో అందరూ డెసిబెల్స్‌లో మాట్లాడతారు. రీపర్ లోపల మాత్రం ట్రాకు వాల్యూమ్ రెట్లలో ఉంటుంది. మార్పు లేకపోతే 1. ఆరు డెసిబెల్స్ తగ్గితే సుమారు 0.5. మూడు తగ్గితే సుమారు 0.708. "వంతల గొంతు మూడు తగ్గించు" అని చెప్తే, ఈ లెక్క మరిచిన స్క్రిప్టు ఆ గడిలో 3 అని రాసిందంటే గొంతు తగ్గకపోగా మూడు రెట్లవుతుంది. అంటే తొమ్మిదిన్నర డెసిబెల్స్ పెరుగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నవాళ్లకి అది చెంపదెబ్బే. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాకు మీద, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ పెట్టకుండా, హెడ్‌ఫోన్ చెవులకి ఉండగా కొత్త స్క్రిప్టు నడపకూడదు.

వెనక్కి తీసుకునే వీలు గురించి కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. రీస్క్రిప్ట్‌లో వంద మార్పులని ఒకే మూటగా కట్టి, ఒక్క అన్‌డూతో మొత్తం వెనక్కి తీసుకునే ఏర్పాటుంది. స్క్రిప్టు మొదట్లో మూట విప్పి, చివర కట్టే రెండు లైన్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. అయితే అన్‌డూ ప్రాజెక్టు లోపలి మార్పులకే పనిచేస్తుంది. డిస్కు మీద ఫైలు చెరిపేస్తే తిరిగి రాదు. రీపర్‌లోని లువాకి ఫైళ్లు చెరిపే శక్తి, బయటి ప్రోగ్రాములు నడిపే శక్తి రెండూ ఉన్నాయి. కాబట్టి స్క్రిప్టులో చెరిపే ఆదేశం ఒక్కటి కనబడినా దాన్ని నడపకుండా పక్కన పెట్టాలి. అసలు రికార్డింగులు వేరే డిస్కులో ఉండాలి, ఆ డిస్కు వైరు పీకి ఉండాలి.

రీపర్ ప్రాజెక్టు ఫైలు మామూలు అక్షరాల ఫైలు కావడం ఇక్కడ పెద్ద అదృష్టం. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకుంటుంది. స్క్రిప్టు నడపకముందు ఒక కాపీ, నడిపాక ఒక కాపీ పక్కపక్కన పెట్టి పోల్చితే ఏయే లైన్లు మారాయో తేలిపోతుంది. వంతల ట్రాకు మాత్రమే మారాల్సిన చోట జముకు ట్రాకు కూడా మారి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

120, నాలుగు, నూరు

ఇప్పటిదాకా చెప్పినవి పట్టుకోగలిగిన తప్పులు. లెక్కకి తప్పు కాకపోయినా సంగీతాన్ని పాడుచేసేవి వేరే ఉన్నాయి. అవి సాఫ్ట్‌వేర్ ముందే పెట్టి ఉంచే డిఫాల్ట్ సెట్టింగుల రూపంలో వస్తాయి.

కొత్త ప్రాజెక్టు తెరవగానే రీపర్ నిమిషానికి 120 దెబ్బలు, నాలుగు నాలుగు లెక్కన కాలాన్ని గళ్లుగా గీసి ఉంచుతుంది. స్వరాన్ని సరిచేసే పిచ్ కరెక్షన్ ప్లగిన్లు మామూలుగా స్వరానికీ స్వరానికీ మధ్య సరిగ్గా నూరు సెంట్ల (స్వరాల దూరాన్ని కొలిచే ప్రమాణం) దూరం ఉందనుకుంటాయి. వాద్య యంత్రాల మధ్య స్వరాల్ని అంకెలుగా పంపే, 1983లో వచ్చిన మిడి పద్ధతి కీబోర్డు మెట్లని లెక్కపెట్టడానికి పుట్టింది. ఏజెంటు చదివి నేర్చుకున్న సమాచారం కూడా ఎక్కువగా ఇదే అలవాటు నుంచి వచ్చింది. "కాస్త శుభ్రం చెయ్యి" అని అడిగితే, అది శుభ్రం అనుకునేది గళ్లకు సర్దిన లయని, మెట్ల మీదికి లాగిన స్వరాన్ని.

జముకుని ఈ గళ్లలో పెట్టి చూడండి. ఒక పక్క తోలు మూసిన చిన్న గొట్టం, తోలు మధ్యలోంచి వచ్చే తీగ. తీగని బిగిస్తూ వదులుతూ మీటుతుంటే ధ్వని పైకీ కిందికీ జారుతుంది. ఆ జారుడే దాని మాట. దెబ్బ ఎక్కడ మొదలైందో వెతికే ప్రోగ్రాముకి ఒక్క జారుడులో రెండు మూడు దెబ్బలు కనిపించవచ్చు. దానికి పిచ్ కరెక్షన్ తగిలిస్తే జారుడు మెట్లుమెట్లుగా విరిగి, కీబోర్డు మీద పిల్లవాడు వేళ్లు దొర్లించినట్టు వినిపిస్తుంది. తప్పెటగుళ్లకి వేరే చిక్కు. గుండెల మీద కట్టుకున్న రేకు గుళ్ల మీద చేతులతో వాయిస్తూ, చిందులేస్తూ, పాట సాగే కొద్దీ వేగం పెంచుకుంటూ పోతారు. ఆ పెరిగే వేగమే ఆటకి ప్రాణం. మొదట్లో ఉన్న వేగానికి మొత్తం సర్దేస్తే మిగిలేది కవాతు.

స్వరాల సంగతీ అంతే. సహజ గాంధారం షడ్జానికి 386 సెంట్ల దూరంలో పలుకుతుంది. కీబోర్డు గాంధారం 400 దగ్గర ఉంటుంది. పద్నాలుగు సెంట్లు చిన్న తేడా అనిపించవచ్చు, కానీ తంబూరా పక్కన పెట్టి పాడే గొంతుని అంత పైకి జరిపితే శ్రుతి తెలిసిన ఎవరికైనా చెవి గుచ్చుకుంటుంది. శ్రుతి పెట్టె లేకుండా రాత్రంతా పాడే కథకుడి గొంతు ఒకటిన్నర శ్రుతిలో మొదలై అర్ధరాత్రికి మరో మెట్టు ఎక్కిందంటే అదీ తప్పు కాదు. కథలో వేడి పెరిగిందని గుర్తు.

నిశ్శబ్దం మీద కూడా కత్తి పడుతుంది. "ఖాళీలు తీసేయి" అంటే ఫలానా డెసిబెల్ కంటే తక్కువున్న ప్రతి చోటునీ స్క్రిప్టు కోసేస్తుంది. జముకుల కథలో కథకుడు వాక్యం చివర ఆగే ఆ అర సెకను వంతలు అందుకోవడానికి ఇచ్చే చోటు. కథకుడి ట్రాకులో అది ఖాళీ, కథలో అది ఖాళీ కాదు. ఒక్క ట్రాకుని చూసి కోస్తే వంత ముందుకు జరిగి కథకుడి నోట్లోంచి మాట లాక్కున్నట్టు అవుతుంది. ఆరు ట్రాకుల్నీ ఒకే గుర్తు దగ్గర కోయమని మొదట అడిగింది అందుకే.

అయినా ఇదే స్క్రిప్టు, అడిగే తీరు మారిస్తే, ఈ లయకి కాపలా కూడా కాయగలదు. రికార్డింగ్ వింటూ లయ తెలిసిన మనిషి ప్రతి దెబ్బకీ ఒక మీట నొక్కుతూ పోతాడు. ఆ మీటల మధ్య ఎన్ని సెకన్లు ఉన్నాయో చూసి, గళ్లనే ఆ వేగానికి సాగదీసే పని స్క్రిప్టు చేస్తుంది. వేగం ఎక్కడ ఎంతో ప్రాజెక్టులో రాయడానికి రీస్క్రిప్ట్‌లో ఫంక్షన్ ఉంది. అప్పుడు ఆట గళ్లకి సర్దుకోదు, గళ్లే ఆటకి సర్దుకుంటాయి. దాని మీద తర్వాత కీబోర్డు చేర్చినా, ప్యాడ్స్ చేర్చినా అసలు వాయిద్యాన్నే అనుసరిస్తాయి. ఏడు దెబ్బల మిశ్ర చాపైనా, ఐదు దెబ్బల ఖండ చాపైనా ఎన్నో దెబ్బకి ఆవృత్తం తిరుగుతుందో మనిషి చెప్తే చాలు, స్క్రిప్టు గీతలు గీస్తుంది. ఈ పనికి ఏజెంటు నిజంగా గొప్ప సాయం. చేత్తో చేయాలంటే ఎవరికీ అంత ఓపిక ఉండదు, అందుకే ఇన్నాళ్లూ చాలాచోట్ల ఎవరూ చేయక జానపదాన్ని 120లో ఇరికించారు.

ఈ పద్ధతిలో ఏజెంటు దగ్గరికి చేరేవి అక్షరాలూ అంకెలూ మాత్రమే. ధ్వని చేరదు. ఏ శబ్దం ఎన్ని డెసిబెల్స్ ఉందో చెప్పగలదు, అది బాగుందో లేదో దానికి తెలిసే దారి లేదు. కాబట్టి కొలిచి సరిచూడగలిగిన పనులు దానికివ్వాలి. శబ్దస్థాయి లెక్క అలాంటిదే. యూట్యూబ్ సుమారు మైనస్ 14 లఫ్స్ (చెవికి తెలిసే గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) కంటే గట్టిగా ఉన్న పాటల్ని తగ్గిస్తుంది. ఘట్టాలన్నిటినీ ఆ స్థాయికి దగ్గరగా తెచ్చి, ఏది ఎంత ఉందో పట్టిక వేసివ్వమంటే స్క్రిప్టు ఐదు నిమిషాల్లో ఇస్తుంది.

మూడు లిపుల ఫైలు పేర్లు

గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో ఒకే బాణీ తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రికార్డు కావడంలో వింతేమీ లేదు. కొండ పక్క ఊళ్లలో సవర భాష కూడా కలుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడిని ఆ వైపు, కూతవేటు దూరంలోని పాతపట్నాన్ని ఈ వైపు ఉంచింది. పాటలకి ఆ గీతతో పని లేదు. కంప్యూటర్ ఫైలు పేర్లకి మాత్రం లిపితో పని ఉంది, స్క్రిప్టులు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

కంప్యూటర్లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు, ఒడియా అక్షరాలు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటాయి. గుణింతపు గుర్తు విడిగా ఇంకో మూడు. లినక్స్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లకి మించకూడదు. అంటే అక్షరాలూ గుణింతపు గుర్తులూ అన్నీ కలిపి 85 దాటకూడదు. ఘట్టం పేరు, కథకుడి పేరు, ఊరు, తేదీ అన్నీ తెలుగులో పెడితే ఆ హద్దు తొందరగా వచ్చేస్తుంది. సవర కోసం మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి ప్రపంచ లిపులకి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 2012లో చేరింది. దాని అక్షరాలు ఒక్కోటి నాలుగు బైట్లు. పేరుని సగంలో కత్తిరించే స్క్రిప్టు బైట్లు లెక్కపెట్టి కోస్తే అక్షరం మధ్యలో కోత పడి చివర పిచ్చి గుర్తు మిగులుతుంది.

ఇంకా చిత్రమైనది, కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు కంప్యూటరుకి వేర్వేరు కావడం. ఒడియాలో "ఒడిశా" అని రాసినప్పుడు వచ్చే చుక్క కింద ఉన్న అక్షరాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా అక్షరం వేరు, చుక్క వేరుగా రెండు సంకేతాలతో రాయొచ్చు. తెలుగు ఐత్వానికీ ఇలాంటి రెండు రూపాలున్నాయి. ఒక స్టూడియోలో ఒకలా, ఇంకో స్టూడియోలో ఇంకోలా టైపు చేసిన పేర్లని పోల్చే స్క్రిప్టు "ఈ ఫైలు లేదు" అంటుంది, ఫైలు కళ్లెదుటే ఉంటుంది. పోల్చే ముందు పేర్లన్నిటినీ ఒకే రూపానికి తెమ్మని ఏజెంటుకి ముందే చెప్పాలి. చెప్పకపోతే అది ఇంకో తేలిక దారి పడుతుంది: అన్ని పేర్లనీ రోమన్ అక్షరాల్లోకి మార్చేస్తుంది. రోమన్‌లోకి మారాక పాట, పాత, పట మూడూ ఒకేలా కనిపిస్తాయి. పదేళ్ల తర్వాత ఆ పేరు చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

ప్రసార రంగంలో వాడే బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫైలులో వివరణ రాయడానికి 256 అక్షరాల గడి ఉంది. అది ఆస్కీ (ఇంగ్లీషు) అక్షరాల కోసం చేసిన గడి, తెలుగు అందులో నిలవదు. కాబట్టి వివరాలన్నీ పక్కనే ఒక అక్షరాల ఫైలుగా రాయించడం క్షేమం. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటలేదన్నదీ గుర్తుండాలి. మొదట చెప్పిన 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ లెక్కన స్టీరియోలో నాలుగు గంటలు దాటిన రికార్డింగ్ ఒక్క ఫైలులో పట్టదు.

పేర్ల మీద ఇంత పట్టుదల ఎందుకు అంటే, పర్లాకిమిడికి ఆ బాకీ ఉంది. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాష కథలూ పాటలూ చెవితో విని అక్షరాల్లో పెట్టారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. సవర ధ్వనిని సవర పలికినట్టే రాయాలని ఆయన పట్టుబట్టారు, తెలుగు విషయంలోనూ జనం పలికే భాష కోసమే పోరాడారు. అదే ఊళ్లో రికార్డయిన పాటకి యంత్రం తన వీలు చూసుకుని పేరు పెట్టడం ఎవరూ ఒప్పుకోకూడని సంగతి.

గొంతు ఎవరిది

స్క్రిప్టు పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ధ్వని ఫైళ్లు స్టూడియో దాటి పోనక్కర్లేదు. సర్వర్‌కి వెళ్లేది అడిగిన మాట, ప్రాజెక్టులోని అక్షరాలు. అయితే ఆ అక్షరాల్లోనే ఫోల్డర్ల పేర్లు, వాటిలో మనుషుల పేర్లు ఉంటాయి. "ఫలానా వారి అమ్మాయి పెళ్లి" అన్న ఫోల్డరు పేరు కూడా వెళ్లిపోతుంది. స్క్రిప్టు రాయించుకునేటప్పుడు అసలు ప్రాజెక్టు చూపించనక్కర్లేదు, ఒకటీ రెండూ అని పేర్లు పెట్టిన ఉత్తుత్తి ప్రాజెక్టు చాలు.

హక్కుల విషయం క్లుప్తంగా. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ప్రదర్శన ఇచ్చిన కళాకారులకు 50 ఏళ్ల హక్కు ఉంటుంది. 2012 సవరణ తర్వాత తమ పేరు చెప్పమని అడిగే హక్కు కూడా చేరింది. కంప్యూటర్ పుట్టించిన కృతికి కర్త ఎవరంటే, దాన్ని పుట్టించడానికి కారణమైన వ్యక్తి అని అదే చట్టం అంటుంది. రికార్డింగ్ కోసి పేర్లు పెట్టే స్క్రిప్టుకి ఆ ప్రశ్నే రాదు. కథ కథకుడిది, వంత వంతలది. వారి పేర్లు ఫైళ్లతోపాటు వెళ్లేలా స్క్రిప్టులో ఒక లైను ఉండటం స్టూడియో బాధ్యత.

ఆరు గంటల ఆ రికార్డింగుతో ఇక ఏం చేయాలి? మొదట డిస్కు మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ. తర్వాత మనిషి ఒకసారి కూర్చుని ఆసాంతం వినడం, ఘట్టం మారినచోటల్లా ఒక మీట నొక్కడం. ఆ ఆరు గంటలు తప్పవు, తప్పించుకోకూడదు కూడా. కోత, తీత, శబ్దం లెక్క, పట్టిక, రెండు భాషల ఫైళ్లు, ఇవన్నీ స్క్రిప్టు ఆ సాయంత్రంలోగా ముగిస్తుంది. గుర్తుల పక్కన పేర్ల గడులు మాత్రం ఖాళీగా ఉంచి, ఆ పట్టిక అచ్చు తీసుకుని కథకుడి ఇంటికి వెళ్లాలి. ఏ ఘట్టాన్ని ఆయన ఏ పేరుతో పిలుస్తాడో అడిగి, ఆ పేరే ఫైలుకి రాయాలి.